దారి దొరికింది, వాన దొరకలేదు: ఏఐ వాతావరణ మోడళ్లు, గజపతి కొండలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్లకు అక్టోబర్ అంటే దసరా సందడి ఒకవైపు, తుఫాను టెన్షన్ మరోవైపు. 1999 అక్టోబర్ 17న గోపాల్‌పూర్ దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే అదే నెల 29న పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్ ఒడిశాలో దాదాపు పదివేల మందిని బలి తీసుకుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ మళ్లీ గోపాల్‌పూర్ మీదే విరుచుకుపడింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది.

ఆ తర్వాత కొన్నేళ్లకే కంప్యూటర్ సైన్స్, వాతావరణ శాస్త్రం కలిసిన చోట చాలా పెద్ద మార్పు వచ్చింది. సూపర్ కంప్యూటర్లు గంటల తరబడి చేసే వాతావరణ అంచనాను ఏఐ మోడల్ నిమిషంలో చెప్పేస్తోంది, అదీ చాలా విషయాల్లో వాటికంటే మెరుగ్గా. 2023 నుంచి నేచర్, సైన్స్ లాంటి పత్రికల్లో వరసగా వస్తున్న పరిశోధనలు చెబుతున్నది ఇదే. ఇది నిజమైన విజయం. అయితే ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి చూసేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తుఫాను ఎటు వస్తుందో ఇంత బాగా చెప్పగలుగుతున్న ఈ మోడళ్లు, అది కొండల మీద ఎంత వాన కురిపిస్తుందో చెప్పగలవా?

ముందు ఈ మోడళ్లు పనిచేసే పద్ధతి చూద్దాం. పాత పద్ధతిలో గాలి కదలికకు, వేడికి, తేమకు సంబంధించిన భౌతిక సూత్రాలన్నింటినీ సమీకరణాలుగా రాసి, భూమినంతా గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఆ లెక్కలు చేస్తారు. కొత్త పద్ధతిలో ఆ సమీకరణాలు ఇవ్వరు. దశాబ్దాల వాతావరణ రికార్డు ఇచ్చి, ఒక స్థితి తర్వాత ఏ స్థితి వచ్చిందో మోడల్‌నే నేర్చుకోమంటారు. గూగుల్ డీప్‌మైండ్ తయారుచేసిన గ్రాఫ్‌కాస్ట్ 1979 నుంచి 2017 వరకు 39 ఏళ్ల రికార్డు చూసి నేర్చుకుంది. ఇప్పటి స్థితి, ఆరు గంటల కిందటి స్థితి ఇస్తే మరో ఆరు గంటల తర్వాత ఏమవుతుందో చెబుతుంది. వచ్చిన జవాబునే మళ్లీ లోపలికి పంపితే ఇంకో ఆరు గంటలు. అలా నలభై సార్లు తిప్పితే పది రోజుల అంచనా వస్తుంది. ఇదంతా ఒకే ఒక్క ఏఐ చిప్ మీద ఒక నిమిషం లోపు పని. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం నడిపే మోడల్ ప్రపంచంలోనే అత్యుత్తమమైనదని పేరు. దానితో 1,380 అంశాల్లో పోల్చి చూస్తే తొంభై శాతంలో గ్రాఫ్‌కాస్ట్‌దే పైచేయి అయింది.

తుఫాను దారి విషయంలోనూ అంతే. హువావే పరిశోధకుల పాంగు-వెదర్ మోడల్‌ను 2018లో ప్రపంచమంతా వచ్చిన 88 తుఫాన్ల మీద పరీక్షించారు. మూడు రోజుల ముందు చెప్పిన తుఫాను కేంద్రం అసలు చోటికి సగటున 120 కిలోమీటర్ల దూరంలో పడింది. యూరప్ మోడల్‌కు ఆ తేడా 162 కిలోమీటర్లు. ఐదు రోజుల ముందైతే 196కి 272. తీరంలో ఏ మండలాన్ని ఖాళీ చేయించాలి, ఏ మండలాన్ని వదిలేయవచ్చు అనే నిర్ణయం తీసుకునేవాళ్లకు ఈ తేడా చాలా విలువైనది. గోపాల్‌పూర్ నోలియా మత్స్యకారులకైతే వేటకు వెళ్లిన పడవ వెనక్కి తిరగడానికి ఒక రోజు అదనంగా దొరకడం ప్రాణంతో సమానం. ఆ రేవుల్లో ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే.

దారి సరిగ్గా తెలిస్తే ఏం జరుగుతుందో ఏఐ రాకముందే ఫైలిన్ చూపించింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలితో వచ్చిన ఆ తుఫానుకు ముందు ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని తరలించారు. 1999తో పోలిస్తే ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గిపోయింది. అంచనా, యంత్రాంగం, ఊళ్లో జనం సహకారం మూడూ కలిసిన ఫలితం అది.

తిత్లీ వేరే కథ. అది తీరం దాటిన తీరు ఊహకు అందనిదేమీ కాదు. తీరం దాటాకే అది దెబ్బ తీసింది. వాయవ్యంగా లోపలికి వెళ్లి, ఈశాన్యానికి మలుపు తిరిగి, ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల కొండల మీద కుండపోతగా కురిసింది. కొండగెడ్డలు, అంటే కొండవాగులు, పొంగాయి, వంశధార పొంగింది. గజపతి జిల్లా బరాఘరా దగ్గర వాన నుంచి తలదాచుకోవడానికి కొండ కింద గుహలాంటి చోట చేరిన కుటుంబాల మీద కొండచరియ విరిగిపడి పన్నెండు మందికి పైగా చనిపోయారు. ఒడిశాలో ఆ తుఫాను తీసిన ప్రాణాల్లో ఎక్కువ భాగం గజపతి జిల్లావే. సముద్రానికి దూరంగా ఉన్నాం కదా అనుకున్న ఊళ్లే ఎక్కువ నష్టపోయాయి.

దీన్ని మోడళ్లు పట్టుకోగలవా అంటే మొదటి అడ్డంకి గడి సైజు. ఈ ఏఐ మోడళ్లలో ఎక్కువ భాగం అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ గడులతో పనిచేస్తాయి. అంటే ఒక్కో వైపు సుమారు 28 కిలోమీటర్లు. ఇప్పుడు మహేంద్రగిరిని తీసుకోండి. ఎత్తు 1,501 మీటర్లు. అక్కడి నుంచి సముద్రం నేరుగా కొలిస్తే పాతిక కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. అంటే ఇంచుమించు ఒకే గడి వెడల్పులో సముద్ర మట్టమూ ఉంది, తూర్పు కనుమల్లో పేరున్న శిఖరమూ ఉంది. సముద్రం నుంచి వచ్చే తేమగాలి కొండను గుద్దుకుని పైకి లేస్తుంది, చల్లబడుతుంది, తేమంతా కొండ ముఖం మీద కుమ్మరిస్తుంది. కొండ వెనకాల వాన తగ్గిపోవచ్చు. కానీ గడికి ఒకే ఎత్తు, ఒకే వాన. కొండకూ, పొలానికీ, కొబ్బరితోటకూ కలిపి ఒకటే అంకె వస్తుంది.

రెండోది ఇంకా లోతైన అడ్డంకి. ఇది మోడల్ నేర్చుకునే పద్ధతిలోనే ఉంది. నేర్పేటప్పుడు మోడల్ చెప్పిన అంకెకూ అసలు అంకెకూ తేడా తీసి, దాన్ని వర్గం చేసి, ఆ మొత్తాన్ని తప్పుగా లెక్కిస్తారు. తప్పు ఎంత తగ్గితే మోడల్ అంత మంచిదన్నమాట. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఒక లెక్క చేసి చూడండి. 300 మిల్లీమీటర్ల వాన పడబోతోంది. అది మహేంద్రతనయ నది వైపు పడుతుందో, వంశధార వైపు పడుతుందో సగం సగం అవకాశం. మోడల్ ధైర్యం చేసి మహేంద్రతనయ వైపు 300, వంశధార వైపు సున్నా అని చెప్పిందనుకుందాం. నిజమైతే తప్పు సున్నా. అటుదిటైతే రెండు చోట్లా 300 చొప్పున తేడా, వర్గాలు కలిపితే 1,80,000. సగటున 90,000. అదే మోడల్ రెండు వైపులా 150, 150 అని చెబితే ఏది జరిగినా తప్పు 45,000 మాత్రమే. అంటే ఎప్పటికీ జరగని వానను చెప్పిన మోడల్‌కే మంచి మార్కులు పడతాయి. ఎక్కడో ఒకచోట ముంచెత్తే వానను రెండు చోట్లా ఒక మోస్తరు గట్టి వానగా చూపించడం దానికి లాభం.

వానను ఇలా సగటుగా అలికేయడాన్ని పరిశోధకులు దాచిపెట్టలేదు. ఏఐ మోడళ్ల మ్యాపులు రోజులు గడిచేకొద్దీ మసకబారడం, తుఫాను నడిబొడ్డున గాలి తీవ్రత తక్కువగా రావడం మీద పత్రాలు వచ్చాయి. మోడళ్లకు నేర్పడానికి వాడే ఈఆర్ఏ5 అనే యూరప్ రికార్డు కూడా తుఫాన్ల తీవ్రతను తక్కువ చేసి చూపిస్తుందని తెలిసిన విషయమే. వాన దగ్గరికి వచ్చేసరికి ఆ రికార్డు మరీ బలహీనం. డీప్‌మైండ్ వాళ్లు కూడా తమ పత్రాల్లో వాన ఫలితాలను ముఖ్యమైన పోలికల నుంచి పక్కన పెట్టారు, ఆ డేటా నాణ్యత మీద తమకే నమ్మకం తక్కువని చెప్పి. ఆ నిజాయితీ మెచ్చుకోదగ్గది. కానీ తొంభై శాతం అన్న మాట వార్తల్లోకి ఎక్కింది, ఈ మాట ఎక్కలేదు. గజపతి జిల్లాకు కావలసింది ఈ రెండో మాట.

మసకకు విరుగుడు 2024 డిసెంబర్‌లో నేచర్‌లో వచ్చిన డీప్‌మైండ్ మోడల్ జెన్‌కాస్ట్ చూపించింది. ఫోన్లో బొమ్మలు తయారుచేసే ఏఐల వెనక ఉన్న పద్ధతినే ఇది వాతావరణానికి వాడింది. ఒకే సగటు జవాబు చెప్పకుండా, జరిగే అవకాశం ఉన్న అనేక భవిష్యత్తులను విడివిడిగా గీస్తుంది. పైన చెప్పిన లెక్కలో ఇది కొన్ని సార్లు మహేంద్రతనయ వైపు 300 అంటుంది, కొన్ని సార్లు వంశధార వైపు 300 అంటుంది. రెండు చోట్లా 150 అని మాత్రం అనదు. పదిహేను రోజుల అంచనా ఒక్కోటి ఎనిమిది నిమిషాల్లో వస్తుంది. జిల్లా అధికారికి ఇలాంటి జవాబే ఉపయోగం. యాభైలో ఇరవై అంచనాల్లో గజపతిలోని మోహన కొండలు మునుగుతున్నాయంటే, సగటు ఎంతైనా సరే, ఆ ఊళ్లను దించాల్సిందే. గడి సైజు సమస్య మాత్రం ఇక్కడా అలాగే ఉంది.

2025లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి చేసిన ప్రయోగం ఒకటి వచ్చింది. ఇటీవలి పరిశోధనల్లో సరిహద్దు జిల్లాలు తప్పక చదవాల్సింది ఇదేననిపిస్తుంది. వాళ్లు ఒక ఏఐ మోడల్‌కు నేర్పే రికార్డులోంచి బలమైన తుఫాన్లన్నింటినీ తీసేశారు. మిగిలిన బలహీనమైన తుఫాన్లతోనే నేర్పించారు. తర్వాత అత్యంత భీకరమైన తుఫాన్ల ముందు పెట్టి అడిగారు. మోడల్ ప్రతిసారీ తక్కువ చేసి చెప్పింది. తను ఎన్నడూ చూడని తీవ్రతను అది ఊహించలేకపోయింది. చెప్పాల్సిన దానికంటే తక్కువ చెప్పే తప్పు అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే దాన్ని నమ్మి జనం ఇళ్లలోనే ఉండిపోతారు. అదే ప్రయోగంలో ఆశ కలిగించే సంగతి కూడా బయటపడింది. ఒక సముద్రంలోని బలమైన తుఫాన్లను మాత్రమే తీసేసి, ఇంకో సముద్రంలోనివి ఉంచితే, మోడల్ అక్కడ నేర్చుకున్నదాన్ని ఇక్కడ వాడగలిగింది. అంటే బంగాళాఖాతంలో రికార్డు తక్కువున్నా పసిఫిక్ తుఫాన్లు దానికి కొంత పాఠం చెప్పగలవన్న ఆశ ఉంది. కానీ ఇవి సముద్రం మీద తుఫాను తీవ్రత గురించిన పాఠాలు. తీరం దాటాక ఏ కొండ ఎలా తడుస్తుందో చెప్పే పాఠం పసిఫిక్‌లో దొరకదు. అది ఆ కొండ దగ్గరే నేర్చుకోవాలి.

కొండ దగ్గర కొలతల సంగతి చూస్తే ఇంకో చిక్కు కనిపిస్తుంది. వాతావరణ శాఖకు ఈ తీరంలో విశాఖ, గోపాల్‌పూర్, పారాదీప్‌లలో వాన మేఘాలను పసిగట్టే డాప్లర్ రాడార్లు ఉన్నాయి. మ్యాప్ మీద గోపాల్‌పూర్ నుంచి పర్లాకిమిడికి గీత గీస్తే దాదాపు వంద కిలోమీటర్లు వస్తుంది. ఆ గీత ఇంచుమించు మహేంద్రగిరి మీదుగానే పోతుంది. రాడార్ కిరణం నేలకు అర డిగ్రీ కోణంలో బయలుదేరితే, భూమి వంపును కలిపి లెక్కేసినా, మహేంద్రగిరి దగ్గరికి చేరేసరికి ఎనిమిది వందల మీటర్ల లోపు ఎత్తులోనే ఉంటుంది. శిఖరం దానికి దాదాపు రెట్టింపు. కొండ దాటి చూడాలంటే కోణం పెంచాలి. పెంచితే పర్లాకిమిడి చేరేసరికి కిరణం నేలకు సుమారు రెండున్నర కిలోమీటర్ల పైన ఉంటుంది. విశాఖ నుంచి చూసినా దూరం ఎక్కువ కాబట్టి దాదాపు అంతే ఎత్తు. తేమగాలి కొండను ఎక్కేటప్పుడు పుట్టే వానలో చాలా భాగం అంతకంటే కిందే తయారవుతుంది. కాబట్టి ఆ లోయల్లో నేలమీద పెట్టే వానమాపకానికి ప్రత్యామ్నాయం లేదు. ఎంత గొప్ప ఏఐ వచ్చినా ఈ లెక్క మారదు.

నది విషయంలో పరిశోధన కాస్త ముందుంది. 2024 మార్చిలో గూగుల్ పరిశోధకులు నేచర్‌లో ప్రచురించిన పత్రం ప్రవాహాన్ని కొలిచే కేంద్రాలు లేని నదులకు కూడా వరద అంచనా ఇవ్వవచ్చని చూపించింది. ప్రపంచంలోని 5,680 కొలత కేంద్రాల రికార్డుతో మోడల్‌కు నేర్పారు. ఆ మోడల్ ఐదు రోజుల ముందు చెప్పేది, అప్పటిదాకా ఉన్న ప్రపంచస్థాయి వ్యవస్థ అదే రోజున చెప్పేదానికి సమానంగా నమ్మదగినదని తేలింది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళంలో సముద్రంలో కలుస్తాయి. వంశధార మీద గుణుపురం, కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం నీటిమట్టం కొలుస్తుంది. పెద్ద నది సంగతి అలా తెలుస్తుంది. కానీ మనుషుల్ని ఎత్తుకుపోయేవి చాలాసార్లు పెద్ద నదులు కావు, పేరు కూడా మ్యాపుల్లో ఉండని గెడ్డలు. వాటి వరద గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది. రోజుకో అంకె చెప్పే మోడల్‌కు అది కనిపించనే కనిపించదు.

ఈ ఇబ్బంది ఒడిశా అంచుకే పరిమితం కాదు. 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ బలహీనపడి కూడా దేశం అడ్డంగా దాటి మరాఠ్వాడాను ముంచింది. ఆ తర్వాత అరేబియా సముద్రంలోకి దిగి షాహీన్ పేరుతో మళ్లీ తుఫానైంది. నాందేడ్ వైపు తెలుగు రైతుకు తుఫాను హెచ్చరిక తన కోసం కాదనిపిస్తుంది. కానీ తీరం దాటిన తర్వాతి వాన అతని సోయా చేనుదాకా వస్తుంది.

మన దేశంలో ఈ మధ్య వేసిన అడుగులు సరైన దిశలోనే ఉన్నాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను 2025 మే 26న ప్రారంభించారు. దాని గడి ఆరు కిలోమీటర్లు. పాత మోడల్ గడి పన్నెండు. ఏఐ మోడళ్ల ఒక్క గడిలో దీని గడులు ఇరవైకి పైగా పడతాయి, అంటే మహేంద్రగిరికీ మైదానానికీ వేర్వేరు అంకెలు వస్తాయి. ఇది సమీకరణాల మోడల్. అదే ఏడాది కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాక గురించి ఎస్సెమ్మెస్‌లు పంపింది. ఆ అంచనాల వెనక ఉన్నవి ఏఐ మోడళ్లు. వాటిలో గూగుల్ తయారుచేసిన న్యూరల్‌జీసీఎం ఒకటి. ఇందులో భౌతిక సూత్రాలూ ఏఐ రెండూ కలిసి ఉంటాయి. వారాల ముందు రుతుపవనం చెప్పడానికి ఏఐ, కొండవాన చెప్పడానికి సన్నని గడుల మోడల్, ఆ మోడల్ తప్పులను స్థానిక కొలతలతో దిద్దడానికి మళ్లీ ఏఐ: పని ఇలా పంచుకోవడమే ఇప్పటికి తెలివైన దారి. సమీకరణాలను మూలన పెట్టేసే రోజు వచ్చిందని చెప్పేవాళ్ల మాట ఈ కొండల విషయంలో నమ్మకూడదు.

హెచ్చరిక చేరే దారి గురించి కూడా ఒక మాట. ఒడిశా ప్రభుత్వం 2018లో ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల సైరన్ టవర్లు పెట్టింది. గంజాం తీరంలో అవి మోగుతాయి. గంజాంలోని వెంకట్రాయ్‌పూర్ 2020లో యునెస్కో నుంచి సునామీ సన్నద్ధ గ్రామంగా గుర్తింపు కూడా పొందింది. అది గొప్ప పని. గజపతికి తీరం లేదు కాబట్టి ఆ ఆరింటిలో దాని పేరు లేదు. కొండచరియలకు హెచ్చరికలిచ్చే జాతీయ కేంద్రాన్ని భూగర్భ సర్వే సంస్థ 2024 జులైలో కోల్‌కతాలో తెరిచింది. మొదట డార్జిలింగ్, కాలింపాంగ్, నీలగిరి లాంటి చోట్లతో మొదలుపెట్టింది. తూర్పు కనుమల్లోని ఈ జిల్లాలను కూడా ఆ జాబితాలోకి తేవాలని అడగడం న్యాయమైన కోరిక. హెచ్చరిక పంపేటప్పుడు ఒడియా, సవర, తెలుగు మూడూ మాట్లాడే ఊళ్లు ఇవని గుర్తుపెట్టుకోవాలి.

మరి స్థానికంగా చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది, అదీ పెద్ద ఖర్చు లేకుండా. గ్రాఫ్‌కాస్ట్, యూరప్ కేంద్రం 2025 ఫిబ్రవరి నుంచి రోజువారీ పనిలోకి తెచ్చిన ఏఐఎఫ్ఎస్ లాంటి మోడళ్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఈఆర్ఏ5 రికార్డు ఉచితం. పర్లాకిమిడిలో, గుణుపురంలో, బరంపురంలో ఇంజనీరింగ్ విద్యాసంస్థలున్నాయి. గ్రాఫ్‌కాస్ట్ నేర్చుకున్నది 2017 వరకే కాబట్టి ఆ తర్వాత వచ్చిన తుఫాన్లన్నీ దానికి నిజమైన పరీక్షే, చూసి రాసే వీలు లేని పరీక్ష. ఒక్కో తుఫానుకూ మూడు రోజుల ముందు, రెండు రోజుల ముందు, ఒక రోజు ముందు మోడల్ ఎంత వాన చెప్పేదో తీయాలి. ఒడిశా స్పెషల్ రిలీఫ్ కమిషనర్ కార్యాలయం బ్లాకుల (మన మండలాల్లాంటివి) వారీగా రోజూ ఇచ్చే వర్షపాతం పక్కన పెట్టాలి. గజపతిలో ఏడు బ్లాకులున్నాయి. మోహన, ఆర్.ఉదయగిరి, నువాగడ లాంటి కొండ బ్లాకుల్లో మోడల్ ఎంత తక్కువ చెప్పిందో, కాశీనగర్ లాంటి పల్లపు బ్లాకులో ఎంత చెప్పిందో విడివిడిగా చూడాలి. కొండ బ్లాకుల్లో ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తక్కువ వస్తుంటే దాన్ని దిద్దడం సులువు, ఆ దిద్దుబాటును జిల్లా కంట్రోల్ రూమ్‌కు ఒక పేజీలో రాసి ఇవ్వవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా తప్పుతుంటే సన్నని గడుల మోడల్ తప్ప దారి లేదని తేలుతుంది. సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం జిల్లాలో మండలాల వారీ వాన రికార్డు ఉంది. పాతపట్నం, మెళియాపుట్టి అంకెలు కూడా అదే పట్టికలో చేర్చాలి, ఎందుకంటే మహేంద్రతనయ రెండు వైపులా పారుతుంది. ఈ పనికి ఏఐ లెక్కలు వేగంగా చేసే మంచి జీపీయూ చిప్ ఉన్న ఒక కంప్యూటర్, ఇంటర్నెట్, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, బ్లాకు ఆఫీసులో వానమాపకం దగ్గర రోజూ పొద్దున్నే అంకె రాసే ఉద్యోగి సహకారం ఉంటే సరిపోతుంది.